కడియంలో కొన్న ‘మంకీ పజిల్’ నిజంగా అంతరించిపోతున్న చెట్టేనా?

మీరు అడిగింది ఇది: కిందటి డిసెంబరులో కడియపులంకలో రోడ్డు పక్క నర్సరీలో రెండు క్రిస్మస్ చెట్లు కొన్నారు. బిల్లు మీద ‘మంకీ పజిల్’ అని రాసిచ్చారు. ఆ పేరుతో మీ అమ్మాయి ఇంటర్నెట్‌లో వెతికితే అది చిలీ దేశపు చెట్టనీ, అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉందనీ, దేశాల మధ్య దాని వ్యాపారం నిషిద్ధమనీ కనిపించింది. అప్పటి నుంచి మీకు మూడు సందేహాలు. కొనడం తప్పయిందా? అటవీశాఖ వాళ్లు వచ్చి అడుగుతారా? అమలాపురం దగ్గర మీ దొడ్లో నాటి పెంచితే ఆ జాతిని కాపాడినట్టు అవుతుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ దగ్గర ఉన్నది చిలీ మంకీ పజిల్ కాదు. ఫొటో చూడకుండా ఇంత ధీమాగా ఎందుకు అంటున్నానంటే, ఆ చెట్టు మన గోదావరి వేసవిని తట్టుకుని నిలవదు. మీరు కొన్నది అదే అరకేరియా ప్రజాతిలోని వేరే జాతి. చాలావరకు కుక్ పైన్ అయి ఉంటుంది, కాకపోతే నార్‌ఫోక్ ఐలాండ్ పైన్. కుక్ పైన్‌కు ప్రస్తుతం ముప్పు లేదు. నార్‌ఫోక్ పైన్ మాత్రం రెడ్ లిస్టులో, అంటే ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ వేసే జాబితాలో, ‘వల్నరబుల్’ వర్గంలో ఉంది. ముప్పు ఉన్న మూడు వర్గాల్లో అది మొదటి మెట్టు, అంటే తక్కువ ముప్పు ఉన్నది. ఈ రెండింటినీ నర్సరీలో కొని ఇంట్లో పెంచుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఇక దొడ్లో నాటితే జాతిని కాపాడినట్టా అంటే, కాదు. అది ఎందుకు కాదో చెప్పాలంటే కాస్త పొడుగు వ్యవహారం.

మాది కడియం మండలంలో తాతల నాటి నర్సరీ. వృక్షశాస్త్రం చదువుకుని మళ్లీ ఈ మట్టిలోకే వచ్చాను. అరకేరియాలు పెంచడం, అమ్మడం ఏటా చేసే పనే. కాబట్టి ఇది అమ్ముకునే వాడి మాట కూడా అని గుర్తుపెట్టుకుని చదవండి.

అసలు మంకీ పజిల్ ఎలా ఉంటుంది

దాని శాస్త్రీయ నామం అరకేరియా అరౌకానా. చిలీ, అర్జెంటీనాల మధ్య ఆండీస్ కొండల మీద, అగ్నిపర్వతాల వాలుల్లో, శీతకాలంలో మంచు కప్పేసే చోట పెరుగుతుంది. ఆకు చూస్తే మరి అనుమానం ఉండదు. సూదిలా ఉండదు. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున, మొదట్లో వెడల్పుగా, చివర ముల్లులా మొనదేలిన త్రికోణపు ముక్క. తోలులా దళసరిగా, గట్టిగా ఉంటుంది. కొమ్మ చుట్టూ ఒకదాని మీద ఒకటి పెంకుల్లా కప్పుకుని, ఏళ్ల తరబడి రాలకుండా అలాగే ఉంటుంది. ఇప్పుడు మీ మొక్క కొమ్మ మీద చెయ్యి పెట్టి మొదలు నుంచి చివరికి నిమరండి. మెత్తగా, పచ్చగా, సెంటీమీటరు పొడవున్న వంకర సూదులు తగులుతాయి. చిలీ చెట్టు కొమ్మనైతే ఉత్త చేత్తో పట్టుకోవడానికే జంకుతారు.

మరి బిల్లు మీద ఆ పేరు ఎందుకు రాశారు? మోసం అనుకోకండి. మన దేశంలో చాలా పార్కుల్లో, నర్సరీల్లో ఏ అరకేరియా కనిపించినా మంకీ పజిల్ అనేయడం ఎప్పటి నుంచో ఉంది. మా పాత ధరల పట్టికల్లో ‘అరకేరియా కుకీ’ అనీ, ‘అరకేరియా ఎక్సెల్సా’ అనీ రెండు పేర్లు కనిపిస్తాయి. మొదటిది ఇప్పటి కాలమ్నారిస్, అంటే కుక్ పైన్. రెండోది ఇప్పటి హెటిరోఫిల్లా, అంటే నార్‌ఫోక్ పైన్. లారీ లోడు దిగేటప్పుడు మాత్రం రెండూ ‘క్రిస్మస్ చెట్టే’. చిన్న మొక్క దశలో వాటిని విడదీయడం చదువుకున్నవాళ్లకే కష్టం. పైగా నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు చర్చిల నుంచి, ఇళ్ల నుంచి డిసెంబరులో గిరాకీ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఆ హడావుడిలో శాస్త్రీయ నామం ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు?

చిలీ చెట్టు పరిస్థితి మాత్రం నిజంగానే బాగాలేదు. ఐయూసీఎన్ రెడ్ లిస్టులో అది ‘ఎన్‌డేంజర్డ్’, అంటే రెండో మెట్టు. కలప కోసం విపరీతంగా నరికారు. అడవులు తగలబడ్డాయి. 2002లో మల్యేకో, తోల్వాకా రక్షిత ప్రాంతాల్లో రేగిన కార్చిచ్చు పాత అరకేరియా అడవులను పెద్ద ఎత్తున కాల్చేసింది. గింజలు మనుషులు ఏరుకుంటారు, పశువులు తింటాయి, ఇక మొలిచేది తక్కువ. అక్కడి పెవెన్చే ప్రజలకు ఆ గింజ తరతరాల ఆహారం. వాళ్లు ఏరుకోవడాన్ని తప్పుపట్టడానికి మనకు నోరు రాదు. తప్పంతా అడవి కుంచించుకుపోవడంలో ఉంది. ఆడ, మగ చెట్లు సాధారణంగా వేరువేరుగా ఉంటాయి, మొక్క మొదటి కాపుకు రావడానికే దశాబ్దాలు పడుతుంది, కాయ పండటానికి రెండేళ్లు పడుతుంది. ఇంత నిదానంగా బతికే చెట్టు ఒక అగ్నిప్రమాదం నుంచి తేరుకోవాలంటే మన మనవళ్ల కాలం కూడా సరిపోదు. చిలీ ప్రభుత్వం దాన్ని సహజ స్మారకంగా ప్రకటించి, 1990 నుంచి బతికున్న చెట్టును నరకడాన్ని పూర్తిగా నిషేధించింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో అది మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది. అరకేరియాలన్నింటిలో ఆ అనుబంధంలో ఉన్నది ఇదొక్కటే. మీ అమ్మాయి చదివినదంతా నిజమే, మీ మొక్కకు వర్తించదంతే.

మీది రెండింటిలో ఏది?

కుండీలో రెండు మూడు అడుగులు ఉన్నప్పుడు నేను కూడా ప్రమాణం చేసి చెప్పను. పెరిగిన చెట్టు అయితే చెప్పవచ్చు. కుక్ పైన్ బెరడు పలుచటి కాగితంలా అడ్డంగా పొరలు పొరలుగా లేచి చుట్టుకుంటుంది. వేలుతో లాగితే రింగులాగా ఊడి వస్తుంది. చెట్టు సన్నగా, స్తంభంలా పోతుంది. కింది కొమ్మలు రాలినా కాండం మీదే కొత్త చిగుళ్లు వేసుకుని మళ్లీ నిండుగా కనిపిస్తుంది. నార్‌ఫోక్ పైన్ వెడల్పు గోపురంలా పెరుగుతుంది, కొమ్మల వరసల మధ్య ఖాళీ కనిపిస్తుంది. కాయ కాస్తే ఇంకా తేలిక. నార్‌ఫోక్‌ది గుండ్రం, కుక్‌ది కోడిగుడ్డు ఆకారం.

ఇంకో గుర్తు ఉంది, వినడానికి వింతగా ఉంటుంది. కుక్ పైన్ వంగి పెరుగుతుంది, అది కూడా ఎటుపడితే అటు కాదు. భూమధ్యరేఖ వైపు వంగుతుంది. 2017లో అమెరికన్ పరిశోధకులు ఐదు ఖండాల్లో 256 చెట్లు కొలిచి ఈ సంగతి ప్రకటించారు. సగటు వంపు ఎనిమిదిన్నర డిగ్రీలు. మనం ఉత్తరార్ధగోళంలో ఉన్నాం కాబట్టి ఇక్కడ దక్షిణానికి, ఆస్ట్రేలియాలో ఉత్తరానికి. భూమధ్యరేఖకు దూరం పెరిగే కొద్దీ వంపు కూడా పెరుగుతుంది. రాజమహేంద్రవరం వైపు పాత బంగళాల ఆవరణల్లో, చర్చి ప్రాంగణాల్లో పెద్ద అరకేరియా కనిపిస్తే సెల్‌ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూడండి. నేను చూసినవాటిలో నిటారుగా నిలబడ్డవి తక్కువ. అందుకే డెల్టాలో ఉన్నవి ఎక్కువగా కుక్ పైన్‌లే అని నా అంచనా. తుపాను గాలికి ఒరిగిందని తాళ్లు కట్టి నిలబెట్టే ప్రయత్నం చేసినవారిని కూడా చూశాను. వాళ్లకు ఈ సంగతి చెబితే ససేమిరా నమ్మరు.

అన్నట్టు, ప్రతి శీతకాలం ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరంలో కనిపించే సరుగుడు తోటలు పైన్ తోటలు కావు. కోనిఫర్ అంటే పువ్వు పూయకుండా శంకువుల్లో గింజ కట్టే పైన్ లాంటి చెట్టు. సరుగుడు అసలు కోనిఫరే కాదు, పువ్వు పూసే చెట్టు. దాని ‘సూది’ని రెండు చేతులతో మెల్లగా లాగండి. కణుపు దగ్గర టక్కున విడిపోతుంది, ఆ కణుపు చుట్టూ చిన్న పళ్లలా కనిపించేవే దాని అసలు ఆకులు. మన ఆంధ్రలో అరకు వైపు చూసే పైన్ చెట్లు కూడా నాటినవే. దక్షిణ భారతదేశంలో తనంతట తాను అడవిలో పెరిగే కోనిఫర్ ఒక్కటే, పడమటి కనుమల్లోని నాగియా వాలిచియానా. కాబట్టి డెల్టాలో మీరు ఏ కోనిఫర్ చూసినా అది ఎవరో తెచ్చి నాటిందే.

రెడ్ లిస్టు దేన్ని లెక్కపెడుతుంది

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఐయూసీఎన్ ఒక జాతి స్థితిని నిర్ణయించేటప్పుడు చూసేది దాని సొంత ఊళ్లో, అడవిలో, తనంతట తాను మొలిచి బతుకుతున్న చెట్లను. కుండీల్లో, పార్కుల్లో, తోటల్లో ఉన్నవి ఆ లెక్కలోకి రావు. ఎంత వేగంగా తగ్గుతోంది, ఎంత చోటులో మిగిలింది, ఆ చోటు ముక్కలైపోయిందా, పెద్ద చెట్లు ఎన్ని, ఇవి ప్రశ్నలు. ఉదాహరణకు మూడు తరాల కాలంలో సగానికి పైగా తగ్గిపోతే ఎన్‌డేంజర్డ్ అవుతుంది. చెట్టుకు తరం అంటే దశాబ్దాలు, కొన్నింటికి వందేళ్లకు మించి. అందుకే ఈ రోజు అడవిలో వేల చెట్లు కనిపిస్తున్నా పట్టికలో ఎర్రగీత పడవచ్చు.

నార్‌ఫోక్ పైన్ సంగతి తీసుకోండి. మన దేశంలోనే ఎన్ని వరండాల్లో ఉందో చెప్పలేం. అయినా వల్నరబుల్ ఎందుకు? దాని పుట్టినిల్లు ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రం మధ్యలో ఉన్న నార్‌ఫోక్ ద్వీపం, ఆ పక్కనున్న చిన్న దిబ్బలు. ఆ ద్వీపం విస్తీర్ణం సుమారు 35 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర నాలుగైదు గ్రామాల పొలాలు కలిపితే అంత అవుతుంది. 1774లో కెప్టెన్ కుక్ అటు వెళ్లినప్పుడు ఈ నిటారు చెట్లను చూసి ఓడల స్తంభాలకు పనికొస్తాయని ఆశపడ్డాడు. 1788లో బ్రిటిష్ వాళ్లు అక్కడ ఖైదీల వలస పెట్టడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. తీరా నరికి చూస్తే కలప స్తంభాలకు నిలవలేదు. అప్పటికే వ్యవసాయానికి, కట్టడాలకు అడవి నరకడం మొదలైంది, ఆగలేదు. పక్కనున్న ఫిలిప్ ద్వీపాన్ని, అక్కడ మనుషులు వదిలిపెట్టిన పందులు, మేకలు, కుందేళ్లు మట్టి తేలేదాకా మేసేశాయి. కుందేళ్లను నిర్మూలించాకే అక్కడ మళ్లీ పచ్చదనం మొదలైంది. ఇప్పుడు మిగిలిన అడవికి కొంత భాగం నేషనల్ పార్కు రక్షణ ఉంది. కానీ బయటి నుంచి వచ్చిన ఆఫ్రికన్ ఆలివ్, ఎర్రజామ మొక్కలు దట్టంగా అల్లుకుని పైన్ మొలకలకు వెలుతురు అందనివ్వవు. జామ అంటే మనకు ప్రాణం, అక్కడ దాని చుట్టం కలుపుమొక్క.

అంటే ఆ చెట్టుకు కష్టం వచ్చిన చోటు ఒకటి, మనం దాన్ని పెంచుతున్న చోటు ఇంకొకటి. మీ వరండాలో ఒకటి పెరిగితే ఆ ద్వీపంలో ఒక మొలకకు అదనంగా వెలుతురు తగలదు.

దీనికంటే విడ్డూరమైనది మాంటెరీ పైన్, పైనస్ రేడియేటా. ప్రపంచంలో కలప కోసం ఎక్కువగా నాటే పైన్‌లలో ఇది ముందు వరసలో ఉంటుంది. న్యూజిలాండ్‌లో నాటిన అడవుల్లో దాదాపు 90 శాతం ఇదే. ఆస్ట్రేలియా, చిలీల్లో కూడా లక్షల హెక్టార్లు. అయినా రెడ్ లిస్టులో ఎన్‌డేంజర్డ్. దాని సొంత ఊరు కాలిఫోర్నియా తీరంలో మూడు చోట్లు, మెక్సికోకు చెందిన రెండు దీవులు, అంతే. అక్కడ తెగుళ్లు, ఇళ్ల నిర్మాణం, ఒక దీవిలో శతాబ్దానికి పైగా మేకల మేత కలిసి దాన్ని ఆ స్థితికి తెచ్చాయి. ఇక చిలీలో ఏమైందో వినండి. నావెల్‌బూటా కొండల్లో మన మంకీ పజిల్ అడవులు చిన్నచిన్న తునకలుగా మిగిలాయి. వాటి చుట్టూ నేలను ఆక్రమించిన తోటల్లో పెద్ద వాటా ఈ రేడియేటాదే. సొంతింట్లో ప్రాణాల మీదికి తెచ్చుకున్న చెట్టు, పరాయి ఇంట్లో మరో అంతరించే చెట్టుకు చోటు లేకుండా చేస్తోంది. ‘ఎన్ని నాటాం’ అనే లెక్కతో జాతి భద్రతను కొలిచేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది.

మా నర్సరీల్లో ‘గోల్డెన్ సైప్రస్’ అని అమ్మే పసుపు పచ్చ మొక్క చూశారా, చేత్తో రాస్తే నిమ్మవాసన వస్తుంది? దాని మూల జాతి మాంటెరీ సైప్రస్ కూడా వల్నరబులే. సహజంగా మిగిలినవి కాలిఫోర్నియా తీరంలో రెండు తోపులు. ఆ మొక్కలు మన వేసవిలో జూన్ చూడకుండానే మాడిపోతాయి, అది వేరే ఏడుపు.

మొత్తంగా చూస్తే, 2013లో ఐయూసీఎన్ ప్రపంచ కోనిఫర్లన్నింటినీ మళ్లీ పరిశీలించినప్పుడు 34 శాతం జాతులు ముప్పులో ఉన్నాయని తేలింది. అరకేరియాల్లో ఇంకా దారుణం. బ్రెజిల్ వైపు పెరిగే పరానా పైన్, అంటే అరకేరియా అంగుస్టిఫోలియా, ‘క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్’, అంటే చివరి మెట్టు. ఈ ప్రజాతిలో సగానికి పైగా జాతులు న్యూ కలెడోనియా అనే ఒక్క చిన్న దీవుల సముదాయంలోనే పుట్టాయి, మరెక్కడా లేవు. అక్కడి మట్టిలో నికెల్ ఉండటం, దాని కోసం గనులు తవ్వడం వాటి పాలిట శాపమైంది. కుక్ పైన్ కూడా అక్కడిదే. అది తీరాల వెంట సున్నపురాతి మీద ఎక్కువగా పెరగడంతో గనుల దెబ్బ దానికి అంతగా తగల్లేదు.

మరి నర్సరీలు జాతిని కాపాడలేవా?

కాపాడగలవు, కానీ మేము చేసే పద్ధతిలో కాదు. దీని గురించి మా వాళ్లతోనే నాకు వాదన. ‘మనం లక్షల మొక్కలు పెంచుతుంటే ఇక అంతరించడం ఏమిటి?’ అంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ మొక్క విత్తనం ఏ చెట్టుది, ఆ చెట్టు ఎక్కడిది? ఎవరి దగ్గరా జవాబు ఉండదు. మాకు వచ్చే అరకేరియా మొలకలు బయటి రాష్ట్రాల వ్యాపారుల నుంచి వస్తాయి. ఆ విత్తనాలు ఏదో పార్కులో నాలుగు చెట్ల నుంచి ఏరినవి కావచ్చు. ఒకే తల్లి పిల్లలను ఎన్ని వేలు పెంచినా అడవిలోని వైవిధ్యం అందులో ఉండదు. రెండు జాతులు పక్కపక్కన పెరిగిన చోట సంకరం కాలేదన్న హామీ కూడా లేదు. అలాంటి మొక్కను తీసుకెళ్లి ఆ ద్వీపంలో నాటతామంటే అక్కడి వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

సరిగ్గా చేసిన ఉదాహరణ వోలెమీ పైన్. అరకేరియా కుటుంబానిదే. 1994లో సిడ్నీకి పడమరగా ఉన్న ఒక లోతైన కొండలోయలో డేవిడ్ నోబుల్ అనే పార్కు ఉద్యోగి కంటపడింది. అప్పటిదాకా అలాంటి చెట్టు శిలాజాల్లోనే ఉందనుకున్నారు. అడవిలో పెద్ద చెట్లు వందకు లోపే. ఆ లోయ ఎక్కడుందో ఇప్పటికీ బయటపెట్టరు. అక్కడి అధికారులు చేసిన తెలివైన పని ఏమిటంటే, అడవి చెట్ల నుంచి లెక్క ప్రకారం కత్తిరింపులు తెచ్చి, ప్రయోగశాలలో, నర్సరీలో పెంచి, 2005 నుంచి మొక్కలను తామే అమ్మకానికి పెట్టారు. కొనాలనుకున్నవాడికి దుకాణంలోనే దొరికితే దొంగతనానికి లోయ దిగాల్సిన అవసరం ఉండదు. వచ్చిన డబ్బులో కొంత సంరక్షణకు వెళ్లింది. ఏ మొక్క ఏ తల్లి నుంచి వచ్చిందో రికార్డు ఉంది. 2019-20లో ఆస్ట్రేలియాలో కార్చిచ్చు చెలరేగినప్పుడు అగ్నిమాపక సిబ్బంది హెలికాప్టర్ల నుంచి దిగి మరీ ఆ తోపును కాపాడారు. ఇంత జాగ్రత్తలోనూ ఒక దెబ్బ తగిలింది. ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు తెగులు ఆ లోయలోకి చేరింది. బూట్లకు అంటిన మట్టితో ప్రయాణించే తెగులు అది. కుండీల మట్టిని రాష్ట్రాలు దాటించే మా వృత్తికి ఆ ఒక్క సంగతి చాలు భయపడటానికి.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే ఎర్రచందనం. డెల్టాలో పొలం గట్ల మీద ఎంతమంది వేశారో మీకు తెలుసు, మేమే అమ్మాం. అయినా అది రెడ్ లిస్టులో ఎన్‌డేంజర్డ్‌గానే ఉంది, ఎందుకంటే లెక్క శేషాచలం, వెలిగొండ వైపు అడవులది. పొలంలో వేసిన చెట్టు వల్ల అడవి మీద ఒత్తిడి తగ్గే అవకాశం కొంత ఉంది, అది నేను కాదనను. అరకేరియాకు ఆ లాభం కూడా లేదు, అలంకారపు మొక్క కోసం నార్‌ఫోక్ అడవిలోకి ఎవరూ గొడ్డలి పట్టుకుని వెళ్లడం లేదు కదా.

చట్టం సంగతి

కుక్ పైన్, నార్‌ఫోక్ పైన్ సైటిస్ అనుబంధాల్లో లేవు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షిత మొక్కల షెడ్యూల్లో కూడా లేవు. నిశ్చింతగా ఉండండి. బిల్లు మీద పేరు తప్పు పడినంత మాత్రాన ఎవరూ రారు.

మీరు జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట. ఈ మధ్య ఆన్‌లైన్లో ‘మంకీ పజిల్ విత్తనాలు’ అని విదేశీ అమ్మకందారులు కవర్లలో పంపుతామంటున్నారు. వాటిని తెప్పించకండి. నిజంగా అరౌకానా విత్తనమే అయితే సైటిస్ అనుమతులు లేకుండా సరిహద్దు దాటించడం నేరం. 2022 సవరణతో ఆ ఒప్పందపు నియమాలు మన వన్యప్రాణి చట్టంలోనే చేరాయి. ఏ విత్తనమైనా సరే, దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తెప్పించడం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వుకు విరుద్ధం. అవన్నీ పక్కన పెట్టినా అరకేరియా విత్తనం త్వరగా మొలకశక్తి పోగొట్టుకుంటుంది, మీ చేతికి వచ్చేది చాలాసార్లు ఎండిన తొక్కే.

ఇలాంటి పొరపాటే సైకస్ విషయంలోనూ జరుగుతుంది. నర్సరీల్లో అమ్మేది ఎక్కువగా జపాన్ మూలం ఉన్న సైకస్ రివల్యూటా, దానితో ఇబ్బంది లేదు. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ మాత్రం ఎన్‌డేంజర్డ్, సైటిస్ మొదటి అనుబంధంలోనూ, మన చట్టంలోని రక్షిత మొక్కల జాబితాలోనూ ఉంది. ‘కొండ సరుకు’ అని ఎవరైనా మోడు తెచ్చి అమ్మజూపితే ముట్టుకోకండి.

మీ రెండు మొక్కల గురించి

జాతిని కాపాడే పని పక్కన పెట్టి, ఉన్న చెట్టును బాగా పెంచే సంగతి చూద్దాం. ముందు కుండీలో కాండాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గుబురుగా కనపడటానికి ఒకే కుండీలో మూడు నాలుగు మొలకలు కలిపి నాటడం మా వ్యాపారంలో మామూలు. కలిసి పెరిగితే ఒకదాన్నొకటి పక్కకు నెడతాయి. నేలలో వేసేటప్పుడు బలమైనది ఒకటి ఉంచి మిగతావి మొదట్లో కత్తిరించండి. వేళ్లు విడదీయబోతే అన్నీ చస్తాయి.

నడినెత్తిన ఉన్న చిగురును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. క్రిస్మస్‌కు నక్షత్రం గుచ్చడానికి ఆ చిగురునే విరుస్తారు. ఒక పాస్టరు గారు చర్చి ముందు పెంచుతున్న చక్కటి చెట్టుకు అలాగే జరిగింది, తర్వాత రెండు తలలు వేసి గోపురం ఆకారమే పోయింది. అరకేరియాలో కొమ్మకు, కాండానికి స్వభావం వేరు. పక్క కొమ్మ తుంచి నాటితే వేళ్లు రావచ్చు, కానీ అది జీవితమంతా కొమ్మలాగే నేలకు అడ్డంగా పాకుతుంది, చెట్టులా లేవదు. నిటారు మొక్క రావాలంటే నడిచిగురు కోత కావాలి, లేదా విత్తనం కావాలి. ‘కొమ్మ ఇవ్వండి, మా ఇంట్లో గుచ్చుకుంటాం’ అని అడిగే చుట్టాలకు ఈ సంగతి చెప్పి పంపండి.

మీ వైపు నల్లరేగడి ఒండ్రు, కాలవ నీరు, ఊట ఎక్కువ. ఈ చెట్టుకు ఉప్పుగాలి భయం అంతగా లేదు, నీరు నిలవడమే ప్రాణాంతకం. గొయ్యి తీసి నాటడం కాకుండా, రెండడుగుల ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. దిబ్బ మట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలపండి. వరి చేను పక్కన అయితే వద్దు. జూన్‌లో తొలకరి పడ్డాక నాటితే మొదటి వేసవికి వేళ్లు కుదురుకుంటాయి. రోహిణి కార్తెలో చిన్న మొక్కకు పడమటి ఎండ తగలకుండా తాటాకు నీడ కట్టండి. కింది కొమ్మలు ఎండితే చిన్న మొక్కకు అవి తిరిగి రావు, కాబట్టి డిసెంబరులో ఇంట్లోకి తెచ్చినప్పుడు ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి. బంగారు రంగు పొడి, మంచు స్ప్రే కొట్టకండి.

కరెంటు తీగల కింద, ఇంటి గోడకు దగ్గరలో నాటకండి. సొంత ఊళ్లో యాభై అరవై మీటర్లు ఎక్కే చెట్టు ఇది. ఇక్కడ అంత పోదు గానీ, మీ డాబా మీదికి తొంగిచూడటానికి ఎక్కువ ఏళ్లు పట్టదు.

మీ అమ్మాయికి నిజంగా అంతరించే చెట్ల మీద ఆసక్తి ఉంటే ఒకసారి కోరంగి అభయారణ్యానికి తీసుకెళ్లండి. అక్కడి మడ అడవి ఇక్కడే పుట్టింది, దాని మంచిచెడులు మన కాలవల్లో వదిలే నీటి మీద ఆధారపడి ఉన్నాయి. అరకేరియా గురించి మనం చదవడం తప్ప చేయగలిగింది తక్కువ, మడ గురించి చాలా ఉంది.

కుక్ పైనో నార్‌ఫోక్ పైనో తేల్చుకోవాలంటే మూడు ఫొటోలు పెట్టండి: చెట్టు మొత్తం దూరం నుంచి, ఒక కొమ్మ చివర రూపాయి బిళ్ల పక్కన పెట్టి, కాండం మొదలు దగ్గర నుంచి. చిన్న మొక్క కాబట్టి ఖాయంగా చెబుతానని మాట ఇవ్వలేను. బెరడు పొరలు లేవడం మొదలయ్యాక ఇంకోసారి పెడితే అప్పుడు చెబుతాను.